లక్కపిడతల రంగు, పసివారి నోరు



మా పెద్దాపురంలో ఆషాఢమాసపు మరిడమ్మ తీర్థమనగానే నా చిన్ననాట మొదట స్ఫురించినవి బొమ్మల అంగళ్లే. అందులోనూ లక్కపిడతలకున్న గౌరవమే వేరు. తుని దాటి, యలమంచిలి చెంత, వరాహనది ఒడ్డుననున్న ఏటికొప్పాక వాటికి పేరుపొందిన పుట్టినిల్లు.

అంకుడుకర్రను తరిమెనపై (నేటి మాటలో లేతుపై) తిప్పుతూ, రంగు కలిపిన లక్కకడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకొంటుంది. మొగలి ఆకుతో మెరుగుపెడతారు. ఇంతవరకు నిరపాయమే, చిక్కంతా లక్కలో కలిపే రంగుతోనే. గత శతాబ్దంలో చవకైన రసాయనపు రంగులు ఈ పనిలోనికి వచ్చిచేరాయి. పసుపు, నారింజ వన్నెలనిచ్చే అటువంటి రంగులు కొన్నింటిలో సీసముంటుంది. మనకు బొమ్మ చూచి మురిసే వస్తువు, ఏడాది బిడ్డకు చప్పరించే వస్తువు! సీసము రవంత కడుపులోనికి పోయినా ఎదిగే మెదడుకు హాని.

ఆ ఊరివారే అయిన సి.వి. రాజు గారు పసుపు, జాఫ్రాగింజలు, నీలిమందు వంటివాటితో ప్రయోగాలు చేసి, పనివారిని మొక్కల రంగులవైపు మరలించారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ లభించాయి.

పద్నాలుగేళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు ఐ.ఎస్.ఐ. ముద్రను తప్పనిసరి చేసిన కేంద్రప్రభుత్వ ఉత్తర్వు 2021 జనవరి 1న అమలులోనికి వచ్చింది. నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు గల వస్తువులకు మినహాయింపునిచ్చారు. అది న్యాయమే, ఒక్క తరిమెనపై బ్రతికే కుటుంబం పరీక్షల ఖర్చును ఎక్కడ భరించగలదు? కాని అంగట్లో అన్ని లక్కబొమ్మలూ ఒకే తీరుగా మెరుస్తాయి. ఏది మొక్కల రంగో కంటికి తెలియదు. అడిగి కొనవలసిందే.

రంగు మంచిదైనా మరొక గండముంది. లక్కపిడతల పెట్టెలో చిట్టి మూతలు, రోటిలోని పొత్రం ఉంటాయి. మూడేళ్లలోపు వారి బొమ్మలో 31.7 మి.మీ. వ్యాసముగల కొలగొట్టంలో ఇమిడిపోయే ముక్క ఉండరాదని ప్రమాణం. అవి గొంతుకు అడ్డుపడతాయి. 1975లో మొదలైన అంగన్‌వాడీలలో ఆటపాటల చదువు మూడేళ్లు నిండినవారికే కావచ్చు; అక్క చంకనెక్కి వచ్చే చంటివానిని ఎవరు ఆపగలరు? అందుచేత మూతలు, పొత్రం వేరొక డబ్బాలో, పై అరలో ఉండాలి. లక్క పెచ్చులూడినదానిని, బీటవారినదానిని ఆనాడే తీసివేయాలి. చంటివానికి విడి ముక్కలు లేని పెద్ద బొంగరమో, బండిగుర్రమో చాలును.