చెయ్యి ఖరీదు

చెప్పులు మెట్ల దగ్గరే విప్పి రండి. గేటు పక్కన పంపు ఉంది, కాళ్ళు కడుక్కోవచ్చు. కానీ తడికాళ్ళతో గడప దాటితే ఊరుకోరు; గోనెపట్టా మీద గట్టిగా తుడుచుకోవాలి. మే నెలంతా ఈ ఇంటికి నీళ్ళే శత్రువు. ఒక్క తడి చెయ్యి తగిలితే జాడీ జాడీ అంతా బూజు పడుతుంది.

రాజమండ్రిలో తెల్లవారి ఐదున్నర. గోదావరి మీంచి రావలసిన గాలి ఎక్కడ ఆగిపోయిందో, ఇప్పటికే చొక్కా వీపుకి అంటుకుంటోంది. నడవాలో చాప మీద కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు. రాత్రే కడిగి, తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టారు. ముక్కలు కొట్టే అతను తన కత్తి తనే తెచ్చుకున్నాడు. కాయ పెట్టడం, పిడి మీద బరువు వెయ్యడం, టప్పుమని రెండు చెక్కలు. ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉండాలి. లేకపోతే వారం తిరక్కుండానే ముక్క మెత్తబడుతుంది. "ఆ మూడూ పక్కన పడెయ్యి బాబూ, పప్పులోకి పనికొస్తాయి," అంటున్నారు మామ్మగారు, తల ఎత్తకుండానే. ఆవిడ చేతిలో చిన్న చాకు. జీడి తీసి, టెంక లోపలి పొర గీకి, పొడిగుడ్డతో తుడిచి బేసిన్‌లో వేస్తున్నారు. డెబ్బై దాటాయి. చూపు కాస్త మందగించింది, వేళ్ళకి మాత్రం ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఆరు గంటలకి ఫోను మోగుతుంది. ఆవాల డబ్బాకి ఆనించి పెట్టి, మోచేత్తో నొక్కుతారు. అటు డాలస్‌లో శుక్రవారం రాత్రి ఏడున్నర. కొడుకు ఆఫీసు నుంచి వచ్చాడు, కోడలు వంటింట్లో ఉంది, మనవరాలు బల్ల దగ్గర తెలుగు పలక ముందేసుకుని కూర్చుంది. పలకరింపులు నిమిషంలో అయిపోతాయి. ఆ తరవాత ఎవరూ ఏమీ మాట్లాడరు. ఇటు కత్తి చప్పుడు, అటు గరిటె చప్పుడు. మధ్యలో ఆ పిల్ల "కు కూ" దగ్గర ఆగిపోతే ఇటు నుంచి "కృ" అని అందిస్తారు. ముప్పావుగంట అలా నడుస్తుంది. నిమిషానికింత అని ఐఎస్‌డీ బూత్‌లో ఎర్ర అంకెలు చూస్తూ మాట్లాడిన తరం వీళ్ళది. అప్పుడు చెప్పవలసినవి కాగితం మీద రాసుకుని వెళ్ళేవారు. ఇప్పుడు చెప్పడానికేం లేకపోయినా లైను ఉంటుంది. నాకైతే వీడియో కాల్లో గొప్పతనం మొహం కనబడటంలో కంటే ఈ ఊరికే ఉండగలగడంలోనే ఉందనిపిస్తుంది.

ఎండ ఎక్కకముందే కలపాలి. ఇప్పుడు కొంచెం దూరంగా కూర్చోండి, ఆవఘాటు ముక్కుకి తగులుతుంది. ఆవాలు వేయించకూడదు, ఎండబెట్టి మర పట్టించాలి. ఉప్పు రాళ్ళుప్పే, అదీ ఎండబెట్టి దంచినదే. గుంటూరు కారం, ఆవపిండి సమానం. ఉప్పు వాటికంటే ఒక పిసరు తక్కువ, ఎందుకంటే మూడోనాడు తిరగకలిపేటప్పుడు రుచి చూసి సరిచెయ్యొచ్చు. ఎక్కువైతే ఎవరూ ఏం చెయ్యలేరు. గుప్పెడు మెంతులు. పప్పునూనె ధారగా పోస్తుంటే పొడిగా ఉన్న ఎరుపు ఒక్కసారిగా ముదిరి నిగనిగలాడుతుంది. ముక్కల్ని ముందు నూనెలో ముంచి, గుండలో దొర్లించి, దోసిళ్ళతో జాడీలోకి వేస్తున్నారు. సాయానికి వచ్చిన అమ్మాయి చేతికి తొడుగు వేసుకుంది. మామ్మగారికీ ఇచ్చారు, వేసుకుంటారు, గొణుగుతారు: "వేలికి ఏమీ తెలియటం లేదే." ఒట్టి చేత్తో కలిపితే ఒప్పుకోవద్దని మనవడి ఆజ్ఞ. సీసా మీద అంటించే చీటీ మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు ఉంది మరి. అది తీసుకున్నప్పుడు ఇలాంటి చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషను రుసుము ఏడాదికి 100 రూపాయలే. ఆ నంబరు వచ్చిన రోజున చీటీ దేవుడి పటం దగ్గర పెట్టారట.

ఈ మనవడు హైదరాబాదులో ఉంటాడు. 2020 లాక్‌డౌనులో ఇక్కడే చిక్కుకుపోయి, ఊసుపోక మామ్మ నంబరు మీద వాట్సాప్ బిజినెస్ పెట్టాడు. ఆవకాయ, మాగాయ, పెసరావకాయ, బెల్లపావకాయ, ఒక్కొక్కదానికీ ఫొటో, కింద ధర. ఫొటోలు తీయడం సులువుగానే అయింది. ధర దగ్గరే రామాయణం.

ఆ కాగితం ఇంకా ఉంది. కావాలంటే అడగండి, గోడకున్న పాత క్యాలెండరు మే నెల వెనకవైపు చూపిస్తారు. పెన్సిలుతో నిలువునా రాసుకున్నారు: కాయలు, నూనె, కారం, ఆవాలు, ఉప్పు, మర, ముక్కలు కొట్టిన కూలి, సీసా. కూడితే వచ్చినదే కిలో ధర అన్నారు ఆవిడ. "మరి నీదో?" అన్నాడు వాడు. "నాదేవిట్రా, నేను ఇంట్లోనే ఉంటాగా!" ఆ మాట మీద నాయనమ్మా మనవడూ రెండు పూటలు పోట్లాడుకున్నారు. యాభై ఏళ్ళుగా ఆ ఇంటి నుంచి జాడీలు వెళ్ళని బంధువుల ఇల్లు లేదు. ఆడపడుచుల అత్తవారికి, వియ్యంకులకి, తాతగారి ఆఫీసులో పెద్దవాళ్ళకి. సామానంతా మగవాళ్ళు తెచ్చిపడేసేవారు గనక పంపింది వాళ్ళ పేరనే వెళ్ళేది. ఆవిడ పని లెక్కలోకి రాలేదంటే ఎవరో కావాలని దాచారని కాదు. ఆ వరసకి పేరే లేదు. చివరికి అన్నిటి కిందా ఇంకో వరస చేరింది, వంకర అక్షరాల్లో: "చెయ్యి – 100."

ఫోను వాడటం నేర్చుకోవడం వారం పనట. అడిగినవాళ్ళకి గొంతు తడబడకుండా ధర చెప్పడానికి ఏడాది పట్టిందట. ఇంటి నుంచి సంపాదించే పెద్దవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు మనం టెక్నాలజీ నేర్చుకున్నారని తెగ మెచ్చుకుంటాం. ఇక్కడ కూర్చుని చూస్తే అది చాలా చిన్న సంగతిలా కనిపిస్తుంది.

చెయ్యి చాపండి. బేసిన్ అడుగున మిగిలిన గుండలో వేడన్నం వేసి కలిపారు, ఇంత నెయ్యి కూడానూ. ఇది అమ్మకానికి కాదు.

తింటూ సాయం అమ్మాయి ఫోనులో గంగవ్వ వీడియో పెట్టింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’తో మొదలై, 2020లో బిగ్‌బాస్ ఇంటి దాకా వెళ్ళిన గంగవ్వ. అంతకుముందు మస్తానమ్మ. 2016లో మొదలైన ‘కంట్రీ ఫుడ్స్’ ఛానల్లో పుచ్చకాయలో కోడికూర వండి లోకమంతటినీ తనవైపు తిప్పుకున్న మనిషి. 2018 డిసెంబరులో పోయేనాటికి 107 ఏళ్ళని చెప్పారు. "మామ్మగారూ, మీరూ వీడియోలు చెయ్యండి, డబ్బులే డబ్బులు," అంటుంది అమ్మాయి. "నా మొహం ఎవడిక్కావాలే, ముక్క చూపించు చాలు." కెమెరా ముందు నిలబడి నవ్వించడం ఒక విద్య, అది అందరికీ రాదు, రానక్కర్లేదు. ఆ ఇద్దరి పేర్లూ పత్రికలకెక్కాయి. ఈవిడ పేరు కొన్ని వందల ఫోన్లలో ‘ఆవకాయ ఆంటీ’ అని సేవ్ అయి ఉంది, అంతే.

ఆర్డర్లు ఎలా వస్తాయో గమనించండి. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకరిద్దరే. మిగతా అందరూ బీరకాయపీచు చుట్టరికాలు: తోడికోడలి మేనకోడలి స్నేహితురాలు, వెనకటి పక్కింటివాళ్ళ అల్లుడు. "నేను ఫలానా వారి రెండో అమ్మాయినండీ, మీ చేతి మాగాయ చిన్నప్పుడు తిన్నాను" అని మొదలవుతుంది సందేశం. మామ్మగారు వెంటనే ధర పంపరు. వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో అడుగుతారు. అంతా వాయిస్ మెసేజీల్లోనే, ఎందుకంటే టైపు చేస్తే ఒత్తులు కుదరవు. క్షేమసమాచారం అయ్యాక ధర. పూర్వం పెళ్ళిళ్ళలో జరిగే సంభాషణే ఇది, కాకపోతే చివర్లో క్యూఆర్ కోడ్ వస్తుంది.

పదకొండు గంటలకి కొత్త నంబరు. హిందీ యాస తెలుగు. సైన్యంలో పని చేస్తున్నానంటాడు, క్యాంపుకి ఇరవై కిలోలు కావాలంటాడు, బేరం కూడా ఆడడు. అడ్వాన్సు వేస్తాను, నేను పంపిన కోడు స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది అంటాడు. అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి, ఇరవై కిలోలు మరి. మామ్మగారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. "బాబూ, డబ్బు రావడానికి పిన్ ఎందుకూ? ఇవ్వడానికి కదూ?" అవతల నిశ్శబ్దం, తరవాత ఏదో దబాయింపు. "అలాగే నాయనా, ముందు 1930కి చేసి కనుక్కుని చెప్తాను." సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు వినగానే లైను కట్. ఆవిడ ఖాతాలో ఒకప్పుడు పడేది ఫ్యామిలీ పెన్షన్ ఒక్కటే. దానికోసం ఏటా నవంబరులో బ్యాంకు మెట్లెక్కి, బతికే ఉన్నానని సంతకం పెట్టి వచ్చేవారు. ఇప్పుడు ఆ జీవన్ ప్రమాణ్ పత్రం కూడా ఫోను ముందు కళ్ళు ఆర్పితే అయిపోతోంది. "బతికున్నానో లేదో దానికి తెలుస్తుందిట," అని నవ్వుతారు.

మధ్యాహ్నం ఊరు ఊరంతా తలుపులు వేసుకుంటుంది. పార్శిళ్ళు కట్టే వేళ అదే. ఇవాళ కట్టేది కిందటి వారం కలిపిన సరుకు; కొత్తది ఊట ఊరి, తిరగకలిపి, పైన నూనె తేలేదాకా కదలదు. నూనె కారకుండా కట్టడం ఒక శాస్త్రం. సీసా మూతి తుడిచి సీలు వేసి, మీద ఒక కవరు, దానిమీద టేపు, అప్పుడు అట్టపెట్టె. పెట్టె పెద్దదైతే కొరియర్ వాళ్ళు బరువు కాక కొలత పట్టుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి ఐదువేలతో భాగించి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు. అందుకే ఖాళీ లేకుండా పెట్టెలు కోసి అతికిస్తున్నారు.

అమెరికా పార్శిళ్ళు ఈ గదిలో తగ్గాయి. 2025 ఆగస్టు చివర్లో అక్కడి ప్రభుత్వం 800 డాలర్లలోపు సరుకుకున్న సుంకం మినహాయింపు ఎత్తేసింది. మన తపాలా శాఖ ఆ దేశానికి పార్శిళ్ళు తీసుకోవడం కొన్నాళ్ళు ఆపి, అక్టోబరులో మళ్ళీ మొదలుపెట్టింది. ట్రంపుగారి సంతకం రాజమండ్రి నడవాలో తెలిసింది. ఇప్పుడు ఎక్కువమంది సెలవులకి వచ్చి వెళ్ళేవాళ్ళ సూట్‌కేసుల్లో పంపించుకుంటున్నారు. 23 కిలోల పెట్టెలో చీరలకీ ఆవకాయకీ మధ్య ఎవరు నెగ్గుతారో ఆ ఇంటి సంగతి.

సాయంత్రం కొరియర్ కుర్రాడు వచ్చాడు. "రేపు పొద్దున్నే బెంగుళూరు చేరాలి బాబూ." "ఆయ్, ఎల్లుండండి మామ్మగారూ, రేపు ఆదివారం." ఇద్దరికీ తెలిసిన సంగతే, ప్రతి శనివారం జరిగే మాటే.

ఆరున్నరకి పైవాటాలోంచి శ్రుతిపెట్టె వినిపిస్తుంది. రండి, మేడమెట్లు ఎక్కుదాం. సంగీతం టీచరుగా రిటైరైన పెద్దావిడ, ఈవిడకంటే రెండేళ్ళు పెద్ద. తెర మీద న్యూజెర్సీ పిల్ల, అక్కడ శనివారం ఉదయం తొమ్మిది. మాయామాళవగౌళలో సరళీ వరసలు. ఇద్దరూ కలిసి ఎందుకు పాడటం లేదా అని చూస్తున్నారు కదూ? కుదరదు. గొంతు అంత దూరం వెళ్ళి రావడానికి పట్టే ఆ కాస్త ఆలస్యంలో తాళం చెదిరిపోతుంది. అందుకని టీచరుగారు ఒక వరస పాడి ఆగుతారు. పిల్ల తన తాళం తనే వేసుకుంటూ తిరిగి పాడుతుంది. ఎదురుగా కూర్చున్న శిష్యులు తన గొంతు వెనక దాక్కునేవారని, వీళ్ళకి ఆ వీల్లేదని, లయ తొందరగా వస్తోందని ఆవిడ గట్టి నమ్మకం. ఫీజు నెలకింతని రాసిన కాగితం గోడకి అంటించి ఉంది. ఆ కాగితం రాయించింది కింది వాటావారే.

మెట్లు దిగేసరికి మామ్మగారు జాడీ మూతికి వాసెన కట్టి ముడి బిగిస్తున్నారు. ఫోనులో వాయిస్ మెసేజ్ ఆడుతోంది, హైదరాబాదు నుంచి అక్కగారి అమ్మాయి. "పిన్నీ, ఈసారి రెండు కేజీలు పంపవే. నీకు శ్రమ కాకపోతేనే సుమా. మనలో మనకి డబ్బులేమిటి గానీ, నూనే కాయలూ ఎంతయ్యాయో చెప్పు, అవి మాత్రం ఇచ్చేస్తాను."

ఆవిడ ముడి పూర్తి చేసి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, మైకు బొమ్మ నొక్కిపట్టారు.

"శ్రమేనే, ఎందుకు కాదూ! కాయలూ నూనే నా ఖాతా, మీ అమ్మ మొహం చూసి. చెయ్యి కిలోకి వంద, రెండు వందలు పంపు. కొరియర్ నీదే. అల్లుడికి బీపీ తగ్గిందా?"

పిల్ల టక్కున నవ్వుల బొమ్మలు పంపింది. వాటి కిందే రెండు వందలు.

"నవ్వుతోందే," అన్నారు మామ్మగారు అమ్మాయితో. "బీపీ సంగతి చెప్పలేదు చూశావా."