జింకల వేట

జింకల వేట అనగా మాంసం, చర్మం, కొమ్ముల కొరకు గానీ, పంటల రక్షణకు గానీ, వినోదానికి గానీ జింకలను వెంటాడి పట్టడం లేదా చంపడం. ప్రాచీన తెలుగు కావ్యాలలో రాజుల వేటను మృగయావినోదమని వర్ణించారు. సంస్కృతంలో "మృగము" అను పదానికి జింక అనీ, జంతువు అనీ రెండర్థాలున్నాయి. వేటకు "మృగయ" అనే పేరు అదే ధాతువు నుండి వచ్చింది. భారతదేశంలో నేడు జింకల వేట శిక్షార్హమైన నేరం. అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమ భాగంలో మాత్రం మ్యూల్ డీర్ అనే జింకను ప్రభుత్వ అనుమతితో వేటాడతారు. ఇతర రాష్ట్రాల నుండి వచ్చే వేటగాళ్ళకు అక్కడ ప్రత్యేక నియమాలు ఉన్నాయి. ఈ వ్యాసంలో దక్షిణ తెలంగాణలోని నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు వేట చరిత్ర, ప్రస్తుత చట్టం, అమెరికాలోని పద్ధతి వివరించబడినవి.

జాతులు, పేర్లు

వాడుకలో జింక అని పిలిచే జంతువులన్నీ ఒకే కుటుంబానికి చెందినవి కావు. చుక్కల దుప్పి, కణితి నిజమైన జింకలు. ఇవి సెర్విడే కుటుంబానికి చెందుతాయి. వీటిలో మగవాటికి మాత్రమే శాఖలుగా చీలిన కొమ్ములుంటాయి. ఆ కొమ్ములు రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. కృష్ణజింక, చింకారా, నాలుగు కొమ్ముల జింక మాత్రం ఆవులు, మేకలు గల బోవిడే కుటుంబానికి చెందినవి. వీటి కొమ్ములకు శాఖలుండవు, అవి రాలిపోవు.

నల్లమల అడవులలో చుక్కల దుప్పి, కణితి, నాలుగు కొమ్ముల జింక, మూషిక జింక కలవు. కృష్ణజింక దట్టమైన అడవిలో ఉండదు. గడ్డి మైదానాలు, మెట్ట పొలాలు దాని నివాసం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. తెలంగాణ ఏర్పడిన 2014లో చుక్కల దుప్పిని ఆ రాష్ట్ర జంతువుగా ప్రకటించారు.

సాహిత్యంలో, ఆచారాలలో

రామాయణంలో మారీచుడు బంగారు జింకగా వచ్చి రాముని వేటకు రప్పించడం కథను మలుపు తిప్పింది. మహాభారతంలో జింక రూపంలో ఉన్న కిందమ మహర్షిని బాణంతో కొట్టినందుకు పాండురాజు శాపగ్రస్తుడయ్యాడు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నని వేట ప్రసిద్ధ ఘట్టాలు.

ఆలయాలలో జరిపే పార్వేట ఉత్సవం వేటకు ప్రతీక. తిరుమలలో ఇది కనుమ నాడు జరుగుతుంది. అహోబిలంలో కనుమతో మొదలై, నరసింహస్వామి ఉత్సవమూర్తులు నలభై రోజులకు పైగా చుట్టుపక్కల గ్రామాలలో సంచరిస్తారు. స్వామి చెంచులక్ష్మిని వివాహమాడిన కథ ఈ ఉత్సవానికి ఆధారం. ఈ ఉత్సవాలలో వేట అభినయం మాత్రమే. జంతువును చంపరు.

నిజాం కాలంలో వేట

హైదరాబాదు రాజ్యంలో మంచి అడవులు పాలకుల వేటకు ప్రత్యేకించబడి ఉండేవి. వీటిని షికార్‌గాహ్ అని పిలిచేవారు. అమ్రాబాద్ పీఠభూమిపై మన్ననూరు సమీపంలోని ఫర్హాబాద్‌లో నిజాముల వేట విడిది ఉండేది. మెదక్ సమీపంలోని పోచారం అడవి, హైదరాబాదు శివారులోని వనస్థలిపురం అడవి కూడా నిజాముల వేటస్థలాలే.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) వేటగాడిగా పేరు పొందాడు. మహబూబ్‌నగర్ పట్టణానికి ఆయన పేరే పెట్టారు. ఆయన ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్‌దయాళ్ తీసిన వేట చిత్రాలు నేటికీ లభిస్తున్నాయి. దూరదేశాల నుండి వేట కొరకు అతిథులు రావడం ఆనాటి ఆచారం. 1893లో ఆస్ట్రియా రాజవంశీకుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ తన ప్రపంచ యాత్రలో భాగంగా హైదరాబాదుకు వచ్చి నిజాము అతిథిగా వేటలో పాల్గొన్నాడు. 1914లో ఈయన హత్యతోనే మొదటి ప్రపంచ యుద్ధానికి నిప్పు రాజుకున్నది.

మచ్చిక చేసిన చీతాలను వదిలి కృష్ణజింకలను పట్టించడం ఆనాటి రాజుల వేట పద్ధతులలో ఒకటి. అధిక వేట వలన, గడ్డి భూములు సాగులోకి రావడం వలన కృష్ణజింకలు తగ్గిపోయాయి. చీతా అయితే భారతదేశంలో పూర్తిగా అంతరించినట్లు 1952లో ప్రకటించారు.

చెంచులు

నల్లమలలో నివసించే చెంచులు విల్లంబులతో వేటాడడం తరతరాల ఆచారం. అయితే వారి ఆహారంలో అడవి దుంపలు, పండ్లు, తేనె వంటి సేకరణకే ప్రాధాన్యం ఎక్కువ. వేట దానికి అనుబంధం. మానవశాస్త్రవేత్త క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చెంచుల జీవితాన్ని పరిశీలించి వ్రాసిన గ్రంథం 1943లో వెలువడింది.

2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిలో నివసించేవారికి భూమి, అటవీ ఫలసాయం మొదలగువాటిపై హక్కులను గుర్తించింది. కానీ వేట హక్కును స్పష్టంగా మినహాయించింది. కావున రాజుల వినోదపు వేటతో పాటు చెంచుల జీవనోపాధి వేట కూడా చట్టం దృష్టిలో నేరమే అయింది.

భారతదేశంలో చట్టం

బ్రిటిషు పాలనలో 1912లో అడవి పక్షులు, జంతువుల రక్షణ చట్టం వచ్చింది. అది ముఖ్యంగా వేట కాలాలను నియంత్రించింది. స్వాతంత్ర్యానంతరం 1970లో పులుల వేట నిషేధించబడింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో అమలులోకి వచ్చింది. మొదట ఈ చట్టం కొన్ని జాతుల జంతువులను లైసెన్సుపై వేటాడడానికి అవకాశమిచ్చింది. 1991 సవరణతో ఆ అవకాశం తొలగిపోయింది. 2022 సవరణ చట్టం జంతువుల షెడ్యూళ్ళను తిరిగి వర్గీకరించింది. ఇది 2023 ఏప్రిల్ 1 నుండి అమలవుతున్నది.

చట్టంలోని ముఖ్యాంశాలు:

* వేట అనే పదానికి చంపడం మాత్రమే అర్థం కాదు. పట్టడం, ఉచ్చు పన్నడం, తరమడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటగానే పరిగణించబడతాయి.
* కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉన్నది. ఈ షెడ్యూలు జంతువులను వేటాడినవారికి 3 నుండి 7 సంవత్సరాల జైలు శిక్ష, జరిమానా ఉంటాయి. 2022 సవరణలో కనీస జరిమానా 10,000 రూపాయల నుండి 25,000 రూపాయలకు పెరిగింది.
* వేటాడబడిన జంతువు, దాని మాంసం, చర్మం, కొమ్ములు ప్రభుత్వ ఆస్తి. కావున వేటాడిన జంతువు మాంసాన్ని కొని ఇంటికి తెచ్చుకున్నవాడు కూడా నేరస్తుడే.

పంట నష్టం

నల్గొండ జిల్లాలోని హాలియా పరిసరాలు ఒకప్పుడు మెట్ట భూములు. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీరు విడుదలైంది. ఎడమ కాలువ నీటితో ఈ భూములలో వరి విస్తరించింది. సాగునీరు రైతుకు వరమే. కానీ మెట్టలు, గడ్డి భూములు సాగులోకి వచ్చిన చోటల్లా మైదానాల జింకకు మేత భూమి తగ్గుతుంది. మేత తగ్గిన జింక పైరు మీదికి వస్తుంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణానదీ తీరాన ఉన్న మాగనూరు, కృష్ణా మండలాలలో కృష్ణజింకల మందలు పంటలను పాడుచేయడం రైతులకు పెద్ద సమస్యగా ఉన్నది.

చట్టంలోని 11వ సెక్షను ప్రకారం కొన్ని జాతులు పంటలకు హాని చేసినప్పుడు ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి వ్రాతపూర్వకంగా వేటకు అనుమతించవచ్చును. మొదటి షెడ్యూలులోని జంతువులకు పంట నష్టం కారణంగా ఈ అనుమతి ఇవ్వరు. మనిషి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, లేదా ఆ జంతువు కోలుకోలేని వ్యాధికి, వైకల్యానికి లోనైనప్పుడు మాత్రమే ఇస్తారు. అందువలన కృష్ణజింక విషయంలో రైతుకు కంచె, కాపలా, నష్టపరిహారం, లేదా జింకలను పట్టి వేరొక చోటికి తరలించడం మాత్రమే మార్గాలు. పొలం చుట్టూ విద్యుత్తు తీగలు పరచడం నేరం. వాటి వలన మనుషులు, పశువులు కూడా మరణిస్తున్నారు.

అమెరికాలో మ్యూల్ డీర్ వేట

మ్యూల్ డీర్ (శాస్త్రీయ నామం: ఓడోకోయిలియస్ హెమియోనస్) ఉత్తర అమెరికా పశ్చిమ భాగంలో నివసించే జింక. చెవులు కంచరగాడిద చెవుల వలె పెద్దవిగా ఉండడం వలన ఈ పేరు వచ్చింది. తోక చివర నల్లగా ఉంటుంది. కొమ్ములు పంగలుగా చీలి, ఆ పంగలు మళ్ళీ చీలుతాయి. బెదిరినప్పుడు నాలుగు కాళ్ళూ ఒకేసారి లేపి దుముకుతూ పరుగెత్తడం దీని ప్రత్యేకత. ఇవి వేసవిలో ఎత్తైన కొండలపై మేసి, మంచు పడగానే లోయలకు దిగుతాయి. వయోమింగ్‌లో ఒక మంద సుమారు 240 కిలోమీటర్లు వలస పోతున్నట్లు శాస్త్రవేత్తలు గుర్తించారు.

పరరాష్ట్ర వేటగాళ్ళకు నియమాలు

అమెరికాలో వన్యప్రాణులు భూయజమాని సొత్తు కావు. ప్రజల పక్షాన ప్రతి రాష్ట్రం వాటిని నిర్వహిస్తుంది. కావున ఒక రాష్ట్రపు లైసెన్సు మరొక రాష్ట్రంలో చెల్లదు. స్థానికేతరులకు రుసుము అనేక రెట్లు ఎక్కువ. ఈ తేడా రాజ్యాంగ విరుద్ధం కాదని అమెరికా సుప్రీం కోర్టు 1978లో మోంటానా రాష్ట్రానికి సంబంధించిన కేసులో తీర్పునిచ్చింది.

జింకల సంఖ్యను బట్టి ప్రతి ప్రాంతానికి ఏటా అనుమతుల సంఖ్యను నిర్ణయిస్తారు. కోరేవారు ఎక్కువైన చోట లాటరీ తీస్తారు. కొలరాడో, వయోమింగ్ వంటి రాష్ట్రాలలో లాటరీలో రానివారికి ప్రాధాన్య పాయింట్లు జమ అవుతాయి. మంచి ప్రాంతాలలో అనుమతి కొరకు అనేక సంవత్సరాలు వేచి ఉండవలసి వస్తుంది. న్యూ మెక్సికోలో పాయింట్ల పద్ధతి లేదు. అక్కడ అనుమతులలో 84 శాతం స్థానికులకు, 10 శాతం గైడుతో వచ్చేవారికి, 6 శాతం స్థానికేతరులకు కేటాయిస్తారు.

యాత్రా సన్నాహం

వేట సాధారణంగా శరదృతువులో జరిగినా, సన్నాహం చలికాలం నుండే మొదలవుతుంది. ముఖ్యమైన దశలు:

* ముందుగా రాష్ట్రాన్ని, ప్రాంతాన్ని ఎంచుకోవాలి. ఆ సంవత్సరపు నియమావళిని పూర్తిగా చదవాలి. దరఖాస్తు గడువులు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి.
* వేట శిక్షణ ధ్రువపత్రం పొందాలి. ఉదాహరణకు, కొలరాడోలో 1949 జనవరి 1న గానీ, ఆ తరువాత గానీ జన్మించినవారికి ఇది తప్పనిసరి.
* ఏది ప్రభుత్వ భూమి, ఏది ప్రైవేటు భూమి అని పటంలో గుర్తించుకోవాలి. వయోమింగ్‌లోని నిర్దేశిత నిర్జనారణ్యాలలో స్థానికేతరులు గైడు గానీ, స్థానిక సహచరుడు గానీ లేకుండా పెద్ద జంతువులను వేటాడరాదు.
* విమానంలో తుపాకిని గుళ్ళు తీసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, విమాన సంస్థకు తెలియజేసి సామానులో పంపాలి.
* తుపాకి వేట కాలంలో ఇతరులకు స్పష్టంగా కనబడే నారింజ రంగు దుస్తులు చాలా రాష్ట్రాలలో తప్పనిసరి.
* మ్యూల్ డీర్ తిరిగే కొండలు అనేక చోట్ల 2,500 మీటర్లకు పైన ఉంటాయి. పల్లపు ప్రాంతాల నుండి వెళ్ళేవారు ఒకటి రెండు రోజులు ముందుగా చేరి ఆ ఎత్తుకు అలవాటు పడాలి.
* వేటాడిన వెంటనే జంతువుకు చీటీ కట్టి, మాంసాన్ని చల్లబరచాలి. ఈ మాంసాన్ని అమ్మరాదు.

జింకలలో క్షీణవ్యాధి అనే ప్రాణాంతక మెదడు వ్యాధిని మొదట 1967లో కొలరాడోలో గుర్తించారు. దీనిని అరికట్టడానికి మెదడు, వెన్నుపాము గల భాగాలను రాష్ట్రం దాటించడంపై అనేక రాష్ట్రాలు ఆంక్షలు విధించాయి. అక్రమంగా వేటాడిన జంతువును రాష్ట్రం దాటించడం 1900 నాటి లేసీ చట్టం ప్రకారం కేంద్ర నేరం కూడా అవుతుంది.

ప్రవాస తెలుగువారికి వర్తించే నియమం

అమెరికాలో చదువు కొరకు, ఉద్యోగం కొరకు తాత్కాలిక వీసాలపై ఉన్న తెలుగువారు వేలాదిగా ఉన్నారు. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం తాత్కాలిక వీసాపై ప్రవేశించినవారు తుపాకిని గానీ, గుళ్ళను గానీ కలిగి ఉండడం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు గలవారికి ఇందులో మినహాయింపు ఉన్నది. కాబట్టి లైసెన్సు లేకుండా స్నేహితుని తుపాకిని చేతబట్టడం కూడా ప్రమాదకరమే. అది జైలు శిక్షకు, దేశం నుండి పంపివేయబడడానికి దారితీయవచ్చును. శాశ్వత నివాసులకు ఈ నిషేధం వర్తించదు.

రెండు పద్ధతుల పోలిక

రెండు దేశాలలోనూ అడవి జంతువు ప్రజల సొత్తు అనే భావనే ఆధారం. అయితే పర్యవసానం వేరు. అమెరికాలో వేట రుసుములతో పాటు, 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం ద్వారా తుపాకులు, గుళ్ళపై వసూలయ్యే పన్ను కూడా వన్యప్రాణి సంరక్షణకు వినియోగిస్తారు. అనగా సంరక్షణ వ్యయంలో వేటగాడు భాగస్వామి. భారతదేశంలో జనసాంద్రత ఎక్కువ, మిగిలిన అడవి తక్కువ. పులులకు ఆహారం దుప్పి, కణితి వంటి జంతువులే. జింకలు తగ్గిన అడవిలో పులి నిలువదు. అందుచేత ఇక్కడ సంపూర్ణ నిషేధ మార్గం ఎంచుకున్నారు. దీని భారాన్ని పంట నష్టపోయిన రైతులు, వేట హక్కు కోల్పోయిన గిరిజనులు మోస్తున్నారు. వారికి న్యాయమైన పరిహారం, జీవనోపాధి చూపడంపైనే ఈ పద్ధతి విజయం ఆధారపడి ఉన్నది.

జింకలను చూడదలచినవారికి

నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడి, 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. రాష్ట్ర విభజన తరువాత దీని తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. ఇది నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాలలో విస్తరించి ఉన్నది. పూర్వం నిజాముల వేట విడిది ఉన్న ఫర్హాబాద్‌కు ఇప్పుడు అటవీశాఖ వాహనాలలో సందర్శకులను తీసుకువెళ్తున్నారు. వానకాలంలో సందర్శన నిలిపివేస్తారు. వేసవిలో నీటి గుంటల వద్ద దుప్పులు, కణితులు కనబడే అవకాశం ఎక్కువ. మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్ళే అటవీ మార్గంలో రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు.

కృష్ణజింకలను చూడడానికి వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి అనువైనది. మహావీరుని 2500వ నిర్వాణ వార్షికోత్సవ సందర్భంగా ఈ వేటస్థలాన్ని 1975లో జింకల ఆశ్రయంగా మార్చారు.

ఇవి కూడా చూడండి

* కృష్ణజింక
* చెంచులు
* నల్లమల అడవులు
* నాగార్జునసాగర్
* వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972