మీటింగు బల్ల మీద బిస్కెట్టు

జిల్లా కలెక్టరేట్‌లో సమీక్ష అయినా, హైటెక్ సిటీలో ప్రాజెక్టు సమావేశమైనా బల్ల మీదికి వచ్చే ప్లేటులో పెద్ద తేడా ఉండదు. టీ, రెండు రకాల బిస్కెట్లు, వేయించిన జీడిపప్పు, కాస్త ఖర్చు పెట్టదలిస్తే సమోసా. ఎవరో కూర్చుని ఆలోచించి ఎంచిన ప్లేటులా అది కనిపించదు. అయినా అందులో ఒక వింత ఉంది. 2014లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వే లెక్క ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదిహేనేళ్లు దాటినవాళ్లలో 98 శాతం దాకా మాంసాహారులే. బిర్యానీకి పేరు మోసిన నగరంలో, ఇంతమంది మాంసం తినే చోట, ఆఫీసు ప్లేటులో చికెన్ ముక్క కాదు కదా కోడిగుడ్డు కూడా సాధారణంగా కనపడదు. చవకనో సౌకర్యమనో దీన్ని సగమే వివరించగలం. తిండి విషయంలో మనవాళ్లు తరతరాలుగా అడుగుతూ వచ్చిన ప్రశ్న మారిపోయింది. ‘ఎవరు వండారు?’ అన్నది వెనక్కి పోయి, ‘ఇందులో ఏముంది?’ అన్నది ముందుకొచ్చింది. మీటింగు ప్లేటు ఆ మార్పు మధ్యలో పుట్టింది. దాని మంచీ చెడూ రెండూ అక్కడివే.

మొదటి ప్రశ్న బలం ఎంతటిదో స్వయంపాకం అన్న ఆచారం చెబుతుంది. ఇంటికొచ్చిన అతిథి మన చేతి వంట తినకూడదనుకుంటే బియ్యం, పప్పు, కూరగాయలు, నెయ్యి ఇచ్చి వండుకొమ్మనేవారు. ఆతిథ్యం ఆగలేదు, వండే చెయ్యి మారిందంతే. నీళ్లతో ఉడికించిన అన్నానికి ఉన్నంత పట్టింపు నూనెలోనో నేతిలోనో వేగినదానికి ఉండేది కాదు. పండుకు అంతకన్నా తక్కువ. పెళ్లి పందిట్లో భోజనానికి కూర్చోని కులంవాడికి కూడా తాంబూలం, కొబ్బరికాయ ఇవ్వవచ్చు. ఒక పంక్తిలో కూర్చుని తినడమంటే ఆ ఇంటి పనిని ఒప్పుకున్నానని అందరి ముందూ సంతకం పెట్టడమే. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వంటవాళ్లు దొరకడం కూడా కష్టమైంది. ఆ పెళ్లికి వెళ్లినవాళ్లకు వెలి, ప్రాయశ్చిత్తం తప్పలేదు. శాస్త్రార్థాలు పండితుల మధ్య నడిచాయి గానీ, ఊరు తీర్పు చెప్పింది విస్తరి దగ్గరే.

అలాంటి లోకంలోకి బిస్కెట్టు అనుమానాస్పద పదార్థంగానే వచ్చింది. కాల్చేది ఎక్కువగా ముస్లిం లేదా క్రైస్తవ బేకరీ, పిండి కలిపే నీళ్లు ఎవరివో తెలియవు, గుడ్డో కొవ్వో పడి ఉండవచ్చన్న భయం ఒకటి. బెంగాల్‌లో రాజనారాయణ్ బోస్ 1846లో బ్రహ్మసమాజంలో చేరిన రోజున కులం పట్టింపు లేదని చాటడానికి తెప్పించినవి బిస్కెట్లు, షెర్రీ. ఈ రోజు ఆఫీసులో ఎవరి మనసూ నొప్పించకూడదని పెట్టే వస్తువు ఆ రోజు పనిగట్టుకుని నొప్పించడానికి పనికొచ్చిందన్నమాట. ఆ తర్వాతి తరంలో కాచార్ ప్రాంతంలో చదువుకున్న మధ్యతరగతివాళ్లు టీతో బిస్కెట్లు తింటున్నారని బయటపడ్డప్పుడు రేగిన గొడవను బిపిన్ చంద్ర పాల్ తన జ్ఞాపకాల్లో రాశారు. వ్యాపారులకు ఈ భయంలో అవకాశం కనపడింది. 1898లో ఢిల్లీలో హిందూ బిస్కెట్ కంపెనీ మొదలైంది. పిండి కలపడం నుంచి ప్యాకింగు దాకా పని చేసేది అగ్రకులాల హిందువులే అన్నది దాని ప్రచారం. రుచి కన్నా, ధర కన్నా ముందు అది అమ్మింది చేతులకు హామీ. మొదటి ప్రశ్నకు కంపెనీ స్థాయిలో ఇచ్చిన జవాబు అది. 1892లో కలకత్తాలో పుట్టిన బ్రిటానియా, 1929లో బొంబాయిలో మొదలై దశాబ్దం తర్వాత బిస్కెట్లలోకి దిగిన పార్లే వంటి సంస్థలు పెరిగి, యంత్రాలు వచ్చి, మైనపు కాగితం చుట్టిన ప్యాకెట్టు మారుమూల కొట్టు దాకా చేరాక ఆ హామీ అక్కర్లేకపోయింది. వండిన చెయ్యి కనపడనప్పుడు దాని కులం అడగడానికి వీలుండదు. కులం పోవడం వల్ల బిస్కెట్టు అందరిదీ కాలేదు. కులాన్ని కళ్లబడకుండా చేసింది కాబట్టి అయింది.

టీ దారి వేరు. 1903లో ఎగుమతుల మీద తేయాకు సెస్సు పెట్టారు. ఆ డబ్బుతో దేశంలో టీ అలవాటు చేసే ప్రచారం నడిచింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి మిల్లుల్లో, గనుల్లో టీ దుకాణాలు పెట్టించి, పని మధ్యలో టీకి విరామం ఇస్తే మంచిదని యజమానులకు నచ్చజెప్పారు. ఇప్పుడు మనం సహజమనుకునే పదకొండు గంటల టీ వెనక తోటల యజమానుల వ్యాపార అవసరం ఉంది. అలవాటు వచ్చింది గానీ అందరూ కలిసి తాగడం రాలేదు. రైల్వే స్టేషన్లలో హిందూ నీళ్లు, ముస్లిం నీళ్లు వేర్వేరు. మద్రాసు రాష్ట్రంలో రైల్వే భోజనశాలల్లో బ్రాహ్మణులకు విడిగా చోటు ఉండేది. ద్రావిడ ఉద్యమం ఒత్తిడితో 1941లో గానీ అది పోలేదు. 1945-46లో ఢిల్లీలో నిర్బంధంలో ఉన్న ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికులకు ప్రభుత్వం హిందూ టీ, ముస్లిం టీ అని వేరుగా పంపేది. వాళ్లు రెండూ సగం సగం కలుపుకొని తాగుతున్నామని తమను చూడవచ్చిన గాంధీకి చెప్పారు. రాజ్యాంగంలోని 15వ అధికరణం హోటళ్లలో కుల వివక్షను నిషేధించిన ఏడేళ్లకు కూడా మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటలు బోర్డు మీద బ్రాహ్మణ అన్న మాట తీయించడానికి పెరియార్ అనుచరులు 1957లో రోజుల తరబడి పికెటింగ్ చేయాల్సి వచ్చింది. బొంబాయి ఆఫీసు గుమస్తాలు మాత్రం ఈ చిక్కుకు మరో దారి పట్టారు. 1890 ప్రాంతంలో మొదలైన డబ్బావాలాల వ్యవస్థ ఎవరి ఇంటి వంటను వాళ్ల బల్ల దగ్గరికే చేర్చింది. స్వయంపాకానికి అది నగరపు రూపం.

ఇక్కడ హైదరాబాద్ తెలిసినవాళ్లు అడ్డు చెబుతారు. ఇరానీ హోటల్లో అన్ని మతాలవాళ్లూ ఒకే సాసర్ల మీద చాయ్ తాగారు, ఉస్మానియా బిస్కెట్టు గాజు బీరువాలోంచి ప్యాకెట్టు లేకుండానే అందరి నోట్లోకీ వెళ్లింది, మరి ప్యాకెట్టుకు ఇంత ఘనత ఎందుకు అని. సరైన అభ్యంతరమే. కానీ ఇరానీ హోటల్లో అడుగుపెట్టినవాడు ఇష్టపడి వెళ్లినవాడు. పట్టింపు ఉన్నవాడు గుమ్మం తొక్కలేదు, తొక్కలేదని ఎవరూ గమనించలేదు. మీటింగు అలా కాదు. ప్లేటు మన దగ్గరికే వస్తుంది, ఎదుట పై అధికారి ఉంటాడు, వద్దన్నది పదిమందీ చూస్తారు. తినకపోవడానికి కారణం చెప్పాల్సిన పరిస్థితి అక్కడే ఉంది. అందుకే వీధి హోటలు ధైర్యం చేసినంత ఆఫీసు చేయలేదు. ఎవరూ కాదనలేని వస్తువును వెతుక్కుంది. చవక కాబట్టే బిస్కెట్టు అన్నవాళ్లకు కూడా ఇదే జవాబు. డబ్బుకు కొదవలేని బోర్డు సమావేశాల్లో కూడా పెరిగేది బిస్కెట్టు ధర, దాని పక్కన బాదంపప్పు. పదార్థాల జాతి మారదు.

చెయ్యి కనపడకుండా పోయాక రెండో ప్రశ్న తలెత్తింది. ప్యాకెట్టులో ఏముంది? 1983లో వనస్పతిలో దిగుమతి చేసుకున్న గొడ్డు కొవ్వు కలిసిందని తేలినప్పుడు దేశమంతా అట్టుడికింది. కర్మాగారం చేతుల్ని దాచినట్టే పదార్థాల్నీ దాచగలదని జనానికి అర్థమైంది. ఆకుపచ్చ చుక్క వెనక ఈ అనుమానమే ఉంది. ప్యాకెట్టు మీద శాకాహారానికి ఆకుపచ్చ, మాంసాహారానికి గోధుమ రంగు గుర్తు ఉండాలన్న నిబంధనలు 2001లో మొదలయ్యాయి. తినేది జంతువు నుంచి వచ్చిందా లేదా తెలుసుకోవడం పౌరుడి హక్కని ఢిల్లీ హైకోర్టు ఒజైర్ హుసేన్ కేసులో 2002లో చెప్పింది. 2020 నిబంధనలు మాంసాహార గుర్తును త్రికోణం చేశాయి. రంగులు సరిగా గుర్తుపట్టలేనివాళ్లు కూడా తేడా తెలుసుకోవడానికి ఇది మంచి సవరణ. గోధుమ గ్లూటెన్, పాలు, వేరుశనగ, సోయా లాంటి అలర్జీ కారకాలను కూడా చెప్పి తీరాలని అవే నిబంధనలు అన్నాయి. ఇలాంటి గుర్తు లేని చోట ఏమవుతుందో అమెరికాలో స్థిరపడిన భారతీయులకు తెలుసు. మెక్‌డొనాల్డ్స్ బంగాళాదుంప వేపుళ్లలో గొడ్డు మాంసపు సారం వాడుతోందని తెలిసి 2001లో సియాటిల్‌లో హిందూ శాకాహారులు దావా వేస్తే, మరుసటి ఏడాది ఆ సంస్థ కోటి డాలర్లతో రాజీ చేసుకుంది.

అయితే ఆకుపచ్చ చుక్క చెప్పేది ఒక్క విషయమే, అదీ ఒక దృష్టి నుంచే. గుడ్డు మాంసాహారం, పాలు, తేనె కాదు అన్న గీత ఉత్తరాది శాకాహారి గీసుకున్న గీత. బెంగాలీ బ్రాహ్మడి చేప దాని అవతల పడుతుంది, పాలు ముట్టని వీగన్‌కు అది చాలదు. వీగన్ ఆహారానికి వేరే నిబంధనలు 2022లో గానీ రాలేదు. జైనులకు ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప ఉన్నాయా అన్నది ప్రశ్న. ఆకుపచ్చ చుక్కకు పూర్తి అర్హత ఉన్న ఆలూ సమోసా వాళ్లకు పనికిరాదు. మైదా, చక్కెర, పామాయిల్ కలిసిన బిస్కెట్టు మరీ పెద్ద గుంపును బయట ఉంచుతోంది. ఐసీఎంఆర్ సహకారంతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. నలభై దాటిన ఉద్యోగులు పదిమంది కూర్చున్న బల్ల చుట్టూ ఆ లెక్క ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఎవరు చేశారన్న ప్రశ్నకు అద్భుతంగా సరిపోయిన బిస్కెట్టు, ఏముందన్న ప్రశ్న దగ్గర బోల్తా పడింది. అందరూ తినగలరనుకున్నది నిజానికి అందరూ కాదనకుండా ఊరుకునేది మాత్రమే.

శాకాహారం పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా, ఇక చర్చ ఏమిటి అన్నది ఎక్కువమంది మాట. ఒక పూట ఉమ్మడి ప్లేటు వరకు అది న్యాయమే. 98 మంది ఇద్దరి కోసం గంటసేపు సర్దుకోవడంలో మర్యాద ఉంది. చిక్కు ఆ మర్యాద నియమంగా మారినప్పుడే. ఉమ్మడి ప్లేటుకు పెట్టిన గీతను క్యాంటీన్‌లో పక్కవాడి టిఫిన్ బాక్సు దాకా లాగితే, సర్దుకున్నవాళ్లే తప్పు చేసినట్టవుతుంది. మళ్లీ రైల్వే భోజనశాల విడి బల్ల దగ్గరికే చేరతాం, ఈసారి శుభ్రత పేరుతో.

మరి ఒక్కొక్కర్నీ అడిగి తెప్పించవచ్చు కదా? విమానయాన సంస్థలు అదే చేస్తాయి. జైన భోజనానికి వీజేఎంఎల్, ముస్లిం భోజనానికి ఎంఓఎంఎల్ అని సంకేతాలు పెట్టుకుని సీటు నంబరుకు జత చేస్తాయి. దిగిపోయాక ఆ ప్రయాణికుణ్ణి ఎవరూ చూడరు కాబట్టి ఇబ్బంది లేదు. ఆఫీసులో రోజూ చూసుకుంటారు. మన దేశంలో ఏం తింటావని అడగడం చాలాసార్లు కులమేమిటని అడగడానికి చుట్టుదారి. అద్దె ఇళ్ల యజమానులు ఆ ప్రశ్నను ఎందుకు అడుగుతారో తెలియనివాళ్లు లేరు. మధుమేహం గురించో, పేగు జబ్బు గురించో పదిమందిలో చెప్పుకోవడం కూడా అందరికీ ఇష్టం ఉండదు. అడగడం తప్పని కాదు, అలర్జీ ఉన్నవాళ్లు చెబితేనే ప్రాణానికి మంచిది. కానీ ఈ చరిత్రలో పనికొచ్చిన పద్ధతి మనుషులకు చీటీ అంటించింది కాదు. హిందూ టీ, ముస్లిం టీ మనిషికి చీటీ. ఆకుపచ్చ చుక్క, దాని లోపాలు ఎన్ని ఉన్నా, పదార్థానికి చీటీ. మొదటిది మనుషుల్ని విడదీసింది, రెండోది ఎవరికి వాళ్లు నోరు మెదపకుండా ఎంచుకునే వీలిచ్చింది.

ఆ వీలు ఇప్పుడు సగంలో ఆగి ఉంది. చట్టం ప్యాకెట్టుకు ఉంది, పది, అంతకు మించి శాఖలున్న హోటళ్ల మెనూకు ఉంది. వీధి చివరి దుకాణం నుంచి పొట్లంలో వచ్చి స్టీలు ప్లేట్లోకి మారిన సమోసాకు, ప్యాకెట్టు చించి పళ్లెంలో సర్దిన బిస్కెట్టుకు లేదు. గుర్తు ఉన్న కాగితం చెత్తబుట్టలోకి పోతుంది, గుర్తు లేని పదార్థం బల్ల మీదికి వస్తుంది. మీటింగుకు ఆర్డరు పెట్టే బాధ్యత మీదైతే, వేయించిన శనగలో అరటిపండ్లో ఒక ప్లేటు, చక్కెర వేయని టీ ఒక ఫ్లాస్కు అదనంగా తెప్పించండి. రంజాన్ నెలలో ఉపవాసమున్నవాళ్ల ముందు ప్లేట్లు తిప్పకుండా తిండిని గది బయట పెట్టించండి. ప్రతి ప్లేటు పక్కన అందులో ఏముందో రెండు ముక్కల్లో రాసి పెట్టండి: ఉల్లి ఉంది, గుడ్డు లేదు, మైదా, పాలు, వేరుశనగ నూనె. ఎవరు తింటారో, ఎవరు తినరో రాయనక్కర్లేదు.