ఆటలో నిజాం గెలిచిండు, మరి బొగ్గు ఎవరిది?

మా చిన్నోడి కంప్యూటర్‌లో ఇప్పుడు దేశమంతా నిజాందే. ఢిల్లీ నిజాందే, కలకత్తా నిజాందే. ఇంటర్ సెలవుల్లో పది రోజులు అన్నం నీళ్లు మరిచి సాధించాడు. "అమ్మా, ఇండియాకు రాజధాని హైదరాబాదే ఇగ" అని వంటింట్లోకి వచ్చి మరీ చెప్పాడు. కుక్కర్ మూడో కూత మీద ఉంది. మంచిదిరా అన్నాను. తర్వాత తీరిగ్గా కూర్చుని ఆ ఆట ఏమిటో చెప్పించుకున్నాను. విన్నకొద్దీ విడ్డూరంగా అనిపించి, మీతో కూడా పంచుకుందామని రాస్తున్నాను.

ఇవి తుపాకులు పట్టుకుని పరుగెత్తే ఆటలు కావు. తెర మీద ప్రపంచ పటం ఉంటుంది. ఒక దేశాన్ని ఎంచుకుని పన్నులు, సైన్యం, పొత్తులు, అప్పులు అన్నీ మనమే చూసుకోవాలి. సంసారం లాంటిదే, కాకపోతే రాజ్యం. గ్రాండ్ స్ట్రాటజీ గేములంటారట. వీటిలో బాగా పేరున్నవి స్వీడన్‌లోని పారడాక్స్ అనే కంపెనీ తయారుచేసినవి.

అందులో యూరోపా యూనివర్సాలిస్ 4 అని ఒకటి ఉంది. అది 1444 నవంబర్ 11న మొదలవుతుంది. ఆ రోజు పటం చరిత్రలో ఉన్నట్టే ఉంటుంది. మన వైపు చూస్తే విజయనగరం, బహమనీలు, ఒడిశా, గోండ్వానా. మర్నాటి నుంచి మాత్రం కథ చరిత్ర పుస్తకం మాట వినదు. మనం చదువుకున్న లెక్కన 1565లో తళ్లికోట దగ్గర విజయనగరం కూలాలి. ఆటలో ఆ యుద్ధమే రాకపోవచ్చు. విజయనగరం పెరిగి పెరిగి "భారత్" అనే కొత్త దేశంగా మారొచ్చు. గోండు రాజును తీసుకుని సముద్రం దాకా వెళ్లినవాళ్లున్నారు. జపాన్ కింద ర్యూక్యూ అని నలుసంత దీవుల రాజ్యం ఉంది. దాంతో ప్రపంచమంతా గెలవడం ఆ ఆటలో ఒక పెద్ద ఘనత. ఇంకో ఆటకైతే మెక్సికో నుంచి ఆజ్టెక్‌లు ఓడలెక్కి వచ్చి యూరప్ మీద పడే కథనే విడిగా అమ్మారు.

ఇవన్నీ సరదాగా ఉన్నాయి కానీ నన్ను పట్టేసింది మావాడు ఆడిన ఆటే. హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 అనే రెండో ప్రపంచయుద్ధం ఆట మీద అభిమానులు సొంతంగా కట్టుకున్న కథ అది. పేరు కైజర్‌రైష్. అందులో మొదటి ప్రపంచయుద్ధం జర్మనీ గెలుస్తుంది. ఇంగ్లండ్‌లో కార్మికుల విప్లవం వచ్చి రాజుగారు కెనడాకు పారిపోతాడు. తెల్లవాళ్ల ఇల్లే కూలాక ఇండియా మూడు ముక్కలవుతుంది. ఢిల్లీ వైపు పాత బ్రిటిష్ పద్ధతి ప్రభుత్వం, బెంగాల్ వైపు విప్లవ ప్రభుత్వం, దక్షిణాన సంస్థానాధీశుల సమాఖ్య. ఆ సమాఖ్యకు పెద్ద దిక్కు హైదరాబాద్ నిజాం.

మొదట నవ్వొచ్చింది. తర్వాత పాత సంగతులు ఒక్కొక్కటే గుర్తుకొస్తుంటే ఇది మరీ గాలిలోంచి పుట్టిన కథ కాదనిపించింది. 1935 చట్టంలో బ్రిటిష్ రాష్ట్రాలనూ సంస్థానాలనూ కలిపి ఒక సమాఖ్య చేయాలని నిజంగానే రాసుకున్నారు. సంస్థానాల జనాభాలో సగానికి తగ్గకుండా ఉన్న రాజులు ఒప్పుకోవాలని షరతు పెట్టారు. రాజులు బేరాలాడుతూ కూర్చున్నారు. ఇంతలో 1939లో యుద్ధం వచ్చి ఆ కాగితం అటకెక్కింది.

ఇంకో సంగతి చెబితే మీరు అదీ ఆటే అనుకుంటారు. టర్కీ చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్‌ను 1924లో దేశం నుంచి వెళ్లగొట్టారు. ఫ్రాన్స్‌లో తలదాచుకున్న ఆయన కూతురు దుర్రుషెహ్వార్‌ను మన ఏడో నిజాం పెద్ద కొడుక్కి చేసుకున్నాడు. 1931 నవంబర్ 12న నీస్ అనే ఊళ్లో పెళ్లి. అదే రోజు రెండో కొడుక్కి అదే వంశం పిల్ల నీలోఫర్‌తో పెళ్లి. మనలో చాలామంది పిల్లల జ్వరాలకు పరుగెత్తిన నీలోఫర్ ఆసుపత్రి ఆమె పేరు మీదిదే. తన దగ్గర పనిచేసే మనిషి కాన్పులో చనిపోయిందన్న బాధలోంచి పుట్టిన ఆసుపత్రి అది. ఖలీఫాకు సమాధి కోసం ఔరంగాబాద్ దగ్గర ఖుల్దాబాద్‌లో టర్కీ పద్ధతిలో కట్టడం కూడా కట్టారు. ఆయన పారిస్‌లో పోయాడు, చివరికి మదీనాలో ఖననమయ్యాడు. ఖుల్దాబాద్ సమాధి ఖాళీగానే మిగిలింది. నిజాం వంశమూ ఖలీఫా వంశమూ కలిసి పుట్టిన మనవడు ముకర్రం జా ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొనుక్కుని చాలా ఏళ్లు అక్కడే గడిపి, 2023లో ఇస్తాంబుల్‌లో కన్నుమూసి, మక్కా మసీదుకు వచ్చి చేరాడు. ఏ ఆటలో వచ్చినా ఇది నమ్మశక్యం కాని ముగింపే కదా.

1947, 48 సంగతులు కూడా అంతే. స్వతంత్రంగా ఉండాలనుకున్న నిజాంకు సముద్రం లేదు. గోవా రేవు కోసం పోర్చుగీసువాళ్లతో మాటలు నడిచాయి. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ రాత్రిళ్లు కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు తెచ్చి దించాడు. 1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు వెళ్లింది. అక్కడ చర్చ మొదలైన మర్నాడు, సెప్టెంబర్ 17న, ఇక్కడ నిజాం సైన్యం లొంగిపోయింది. 13న మొదలైన పోలీస్ యాక్షన్ ఐదు రోజుల్లో ముగిసింది.

మావాడు తన గెలుపు సంగతి వాళ్ల బాపమ్మకు కూడా చెప్పబోయాడు. మా అత్తమ్మది కరీంనగర్ వైపు పల్లె. రజాకార్ల రోజుల్లో ఆమె నాలుగేళ్ల పిల్ల. సొంతంగా గుర్తున్నది తక్కువ, వాళ్లమ్మ చెప్పింది ఎక్కువ. జీపు చప్పుడు వినబడితే ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని జొన్నచేన్లకు పోయి పడుకునేవాళ్లట. ఏడ్చే పిల్ల నోట్లో బెల్లం ముక్క పెట్టేవాళ్లట. ఆ బెల్లం ముక్క తినింది అత్తమ్మే. "నిజాం గెలుసుడేంది బిడ్డా, మళ్ల చేన్లకు పోవాల్నా?" అందామె. వాడికి ఏం చెప్పాలో తోచలేదు. ఆటలో నిజాం రాజ్యానికి ఒక రంగు ఉంటుంది. గెలిచినకొద్దీ ఆ రంగు పటమంతా పాకుతుంది. దాని కింద జొన్నచేను కనపడదు.

అయితే ఒకటి చెప్పకపోతే న్యాయం కాదు. పోలీస్ యాక్షన్ తర్వాత భయం ఇల్లు మారింది, అంతే. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం ఊళ్లు తిరిగి, ఎంత తగ్గించి చూసినా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని రాసింది. అందులో ఎక్కువమంది మామూలు ముస్లింలు. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. మా లైన్లో పక్క క్వార్టర్ ఆంటీ వాళ్ల నానమ్మ కూడా ఆ నెలలో పిల్లల్ని చంకనేసుకుని ఎక్కడో దాక్కున్నదే. ఈ రెండు కథలూ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నా, పండక్కి సేమ్యా గిన్నె ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఇద్దరం వాటి ఊసెత్తం.

మా ఆదిలాబాద్ అడవుల సంగతి చూడండి. ఆ ఆట 1936లో మొదలవుతుంది. అంటే జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరగడానికి ఇంకా నాలుగేళ్లుంది. అడవిలో పశువులు మేస్తే పన్ను, పోడు కొడితే కేసు, ఇవే ఆయన్ను తిరగబడేలా చేశాయి. నిజాం ఢిల్లీ గెలిస్తే ఆ పన్ను తగ్గేదా? సైన్యానికి డబ్బు కావాలి కాబట్టి పెరిగేదనే నాకనిపిస్తుంది. నిజంగా జరిగిన చరిత్రలో 1940లో భీం చనిపోయాక ప్రభుత్వం ఉలిక్కిపడింది. గోండుల స్థితి తెలుసుకోవడానికి హైమెండార్ఫ్ దొరను పంపింది. ఆ తర్వాతే భూముల పట్టాలు కొన్నయినా చేతికొచ్చాయి. మా మందమర్రి మండలంలోనే బొక్కలగుట్ట దగ్గర గాంధారి ఖిల్లా ఉంది. మాఘంలో నాయకపోడు వాళ్లు అక్కడ మైసమ్మ జాతర చేస్తారు. పైన ఎవరి జెండా మారినా ఆ జాతర ఆగలేదు.

ఇక బొగ్గు సంగతి. అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే. 1871లో ఇల్లెందు వైపు విలియం కింగ్ దొర బొగ్గు కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండ్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అని పెట్టి తవ్వే హక్కులు తీసుకున్నారు. ఆ షేర్ల అమ్మకంలో ఎంత గోల్‌మాల్ జరిగిందంటే 1888లో లండన్ పార్లమెంటు కమిటీ వేసి విచారించింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో ఎక్కువ భాగం షేర్లు కొనేసింది. ఫిరంగి పేలలేదు, ఒక్క గజం సరిహద్దు జరగలేదు. పేపర్లో ఏ మూలనో వార్త పడి ఉంటుంది, అంతే.

మూడేళ్లకు నిజాం ఓడిపోయాడు. షేర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. హైదరాబాద్ రాష్ట్రం చేతికొచ్చాయి, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు, 2014లో తెలంగాణకు. మధ్యలో కేంద్రం వాటా తీసుకుంది. ఇప్పుడు మన రాష్ట్రానిది 51 శాతం, కేంద్రానిది 49. 1973లో దేశంలో ప్రైవేటు బొగ్గు గనులను జాతీయం చేసి, 1975లో కోల్ ఇండియా పెట్టినప్పుడు సింగరేణి అందులో కలవలేదు, అప్పటికే సర్కారుది కాబట్టి. 1945లో ఆ షేర్లు కొనకుండా ఉంటే? అప్పటిదాకా ప్రైవేటు చేతుల్లోనే ఉండి, అన్ని గనులతో పాటు అదీ కోల్ ఇండియాలో ఒక ముక్కయ్యేది. మన బాయిల సంగతి కొత్తగూడెంలో కాక కలకత్తాలో తేలేది. జీతాలు ఎటు చూసినా ఒకే ఒప్పందం ప్రకారం ఉంటాయి కాబట్టి ఆ తేడా పెద్దగా ఉండకపోవచ్చు. కానీ ఏటా కంపెనీ లాభంలో కార్మికుడికి ఇంత శాతమని మన ముఖ్యమంత్రి ప్రకటించే వాటా ఉంది చూడండి, అది సింగరేణి మన రాష్ట్రానిది కాబట్టే.

షేర్లు కొనే ఆట ఏదైనా ఉందా అని మావాణ్ని అడిగాను. విక్టోరియా 3లో ఉందట. అందులో వేరే దేశపువాళ్లు మన దగ్గర గనులు పెట్టొచ్చు, మనం వాటిని జాతీయం చేసుకోవచ్చు. "అందులో 1945లో సింగరేణిని కొను మరి" అన్నాను. ఆ ఆట 1836లో మొదలై 1936లో ఆగిపోతుందట. తొమ్మిదేళ్లు తక్కువ పడ్డాయి.

మా ఆయనకు ఇదంతా చెబితే నిజాం, ఖలీఫా కథలు ఆవలిస్తూ విన్నాడు. షేర్ల దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చున్నాడు. పోయినసారి వాటా డబ్బుతో మేం ఇంటి అప్పు సగం తీర్చాం, అత్తమ్మ కంటి ఆపరేషన్ చేయించాం. ఈసారి ఎంత శాతమంటారో దసరా ముందు తెలుస్తుంది. మా లైన్లో చీటీలు పాడినవాళ్లంతా ఇప్పటి నుంచే లెక్కలేస్తున్నారు.