ఎగిరే దారికి నునుపు

ఓడలకు, ఆ తర్వాత విమానాలకు ఆకృతులు గీసే పనివారు పొడవాటి పలచని చెక్కబద్దను వంచి, గీత పోవలసిన చోట్ల సీసపు దిమ్మెలతో అదిమిపెట్టేవారు. దిమ్మెల నడుమ బద్ద తనంత తానే వీలైనంత తక్కువగా వంగి నిలిచేది. దాని అంచు వెంట గీస్తే అతుకు తెలియని రేఖ వచ్చేది. ఆ బద్ద పేరు స్ప్లైన్. డ్రోన్ దారిని లెక్కగట్టే ప్రోగ్రాముల్లో నేటికీ వినిపించే పేరే అది.

దాన్ని గణితంలోకి తెచ్చినవాడు రుమేనియాలో పుట్టిన ఐజాక్ షోన్‌బర్గ్. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఆయన, రెండో ప్రపంచయుద్ధ కాలంలో అబర్డీన్‌లోని అమెరికా సైనిక ప్రయోగశాలలో పనిచేశాడు. ఫిరంగి గుండుకు గాలి కలిగించే నిరోధాన్ని చూపే పట్టికలు గరుకుగా ఉండేవి. వాటిని నునుపు చెయ్యడానికి చేసిన కృషి 1946లో పరిశోధన పత్రంగా వెలువడింది. బహుపదుల ముక్కలను, వాలూ వంపూ కూడా కలిసిపోయేలా ఒకదానికొకటి అతకడం అందులోని కిటుకు.

1957లో లెస్టర్ డూబిన్స్ మరో వైపు నుంచి వచ్చాడు. ఒక హద్దుకు మించి మలుపు తిరగలేని వాహనానికి సమతలంపై అతి పొట్టి దారి వృత్తఖండాలు, సరళరేఖలతోనే ఏర్పడుతుందని నిరూపించాడు. ఫలితం అందమైనదే. అయితే సరళరేఖ ముగిసి వృత్తం మొదలయ్యే బిందువు దగ్గర వంపు ఒక్కసారిగా మారుతుంది. ఆ దారిని తు.చ. తప్పకుండా అనుసరించాలంటే విమానం రెప్పపాటు కూడా పట్టకుండా పక్కకు ఒరగాలి. ఏ విమానానికీ అది సాధ్యం కాదు.

నునుపు ఎంత ఉండాలో తేల్చేది గీత కాదు, దాని మీద నడిచే యంత్రమేనని నా అభిప్రాయం. దీనికి గట్టి ఆధారం 2011లో దొరికింది. షోన్‌బర్గ్ పనిచేసిన పెన్సిల్వేనియాలోనే డేనియల్ మెలింజర్, విజయ్ కుమార్ నాలుగు రోటర్లతో ఎగిరే క్వాడ్‌రోటర్‌ను పరిశీలించారు. దాని రోటర్లన్నీ ఒకే దిక్కుకు తోస్తాయి కాబట్టి పక్కకు జరగాలంటే అది ఒరగక తప్పదు. త్వరణాన్ని బట్టి ఎంత ఒరగాలో, త్వరణం మారే వేగాన్ని బట్టి ఎంత చురుగ్గా ఒరగాలో తేలుతుంది. ఆ మార్పులోని మార్పును స్నాప్ అంటారు. స్థానానికి అది నాలుగో అవకలజం. మోటార్ల వేగాల మధ్య ఎంత తేడా ఉండాలన్నది దాని మీదే ఆధారపడుతుంది. అందుకే వారు దారి పొడవునా స్నాప్ వర్గాల మొత్తం కనిష్ఠమయ్యే బహుపదులను ఎంచుకున్నారు.

ఇక్కడే చిక్కొకటి వచ్చిపడింది. అడ్డంకులను తప్పించుకుంటూ దారి వెతికే పద్ధతులు ఇచ్చేది మూలలున్న గీతల దారి. మూలను గుండ్రం చేస్తే వక్రరేఖ పక్కనున్న గోడలోకి చొచ్చుకుపోవచ్చు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో చార్లెస్ రిక్టర్, ఆడమ్ బ్రై, నికొలస్ రాయ్ అలా తగిలినప్పుడల్లా పాత సరళరేఖ మధ్యలో ఒక బిందువును అదనంగా చేర్చి మళ్లీ లెక్కించారు.

ఇంకో ఉపాయం కార్ల పరిశ్రమ నుంచి వచ్చింది. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్జో, రెనోలో పియర్ బెజియే కారు ఒంపుల కోసం రూపొందించిన వక్రరేఖకు ఒక గొప్ప గుణముంది: తన ఆకృతిని నిర్ణయించే నియంత్రణ బిందువులను చుట్టే కుంభాకార హద్దును అది ఎన్నడూ దాటదు. 2018లో హాంకాంగ్ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని డ్రోన్లకు వాడుకున్నారు. అడ్డంకులు లేని గాలిని పెట్టెలుగా విడగొట్టి, ప్రతి ముక్క నియంత్రణ బిందువులనూ దాని పెట్టెలోనే ఉంచారు. ఇక వక్రరేఖను బిందువు బిందువుగా తనిఖీ చేసే పని లేకుండానే దారి మొత్తం క్షేమమని తేలిపోతుంది.