చౌక వైన్, చెదిరిన నమ్మకం: 1986 తరువాతి ఇటలీ ఒస్తెరియాలు

ఇటలీలో వైన్ తరతరాలుగా రొట్టెతో సమానంగా సామాన్యుల భోజనంలో భాగం. ‘ఒస్తెరియా’ మొదట వైన్ అమ్మే చోటు. క్రమంగా అక్కడ స్థానిక వంటకాలూ చవకగా లభించసాగాయి. ఆ వ్యవహారం ముఖపరిచయం మీద, నమ్మకం మీద నడిచేది.

1986లో ఆ నమ్మకం చెదిరింది. ఆల్కహాలు శాతాన్ని తక్కువ ఖర్చుతో పెంచడానికి పియెమోంతె ప్రాంతంలో కొందరు వ్యాపారులు వైన్‌లో విషపూరితమైన మిథనాల్ కలిపారు. 20 మందికి పైగా మరణించారు. కొందరు చూపు కోల్పోయారు. చవక వైన్ కొన్నవారే ఇందుకు బలయ్యారు. ఎగుమతులు కూడా బాగా తగ్గాయి.

ఆ ఏడాదే రోమ్ నగరంలోని స్పెయిన్ కూడలిలో మెక్‌డొనాల్డ్స్ ప్రారంభం నిరసనలకు దారితీసింది. కార్లో పెత్రీని ప్రభృతులు పియెమోంతెలో ‘ఆర్చిగోలా’ సంస్థను స్థాపించారు. 1989లో అంతర్జాతీయ ఉద్యమంగా రూపొందిన ‘స్లో ఫుడ్’కు ఇదే మూలం. 1990లో ఆ సంస్థ వెలువరించిన ‘ఒస్తెరియె ద్’ఇతాలియా’ మార్గదర్శిని స్థానిక వంటను, మంచి వైన్‌ను అందుబాటు ధరకు అందించే భోజనశాలలను పరిచయం చేసింది.

ముఖపరిచయం ఇచ్చిన భరోసాను ఇక్కడ అచ్చు పుస్తకం ఇవ్వవలసి వచ్చింది. అసలైన రుచి సంపన్నులకే పరిమితం కారాదన్న ఆశయం దానిలో స్పష్టం. అయితే మార్గదర్శినిలో చోటు దక్కిన భోజనశాలకు గిరాకీతోపాటు ధర పెరిగే అవకాశమూ ఉంది. ఈ వైరుధ్యాన్ని విస్మరించి ఆ ఉద్యమాన్ని అంచనా వేయలేము.