కరణం కవిలెలో ఊరు

శ్రీహరికోట పేరు పత్రికల మొదటి పేజీకెక్కేది రాకెట్ ఎగిరిన మర్నాడే. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్యనున్న ఆ దీవిని అంతరిక్ష కేంద్రం కోసం ఎంపిక చేసింది 1969లో. స్థలం ఎంపిక చేయడం శాస్త్రవేత్తల పని. భూమిని చేతికి తెచ్చుకోవడం రెవెన్యూ పని. దానికి కావలసినవి సర్వే నంబరు, పట్టా, ఏ చేలో ఎవరు ఏం పండించారో రాసే అడంగల్. ఎంత కొత్త శాస్త్రమైనా నేల మీద కాలు మోపాలంటే ముందు పల్లెటూరి లెక్కల పుస్తకం తిరగేయక తప్పదు.

ఆ పుస్తకం రాసే కరణం, శిస్తు వసూలు చేసే మునసబు, కబురు మోసే వెట్టి, కాపలా కాసే తలారి. నెల్లూరు తీరంలో తరతరాల పాటు జనం రోజూ ఎదురుపడిన సర్కారు ఇదే. కలెక్టరును జన్మలో ఒక్కసారైనా చూడనివాళ్లు ఉండేవారు. కరణాన్ని చూడకుండా ఏడాది గడిచేది కాదు.

కవిలెల కాలం

ఈ ఏర్పాటు ఇంగ్లీషువాళ్లు తెచ్చింది కాదు. నెల్లూరు సీమకు దక్షిణాన, కంచి దగ్గరి ఉత్తరమేరూరులో చోళరాజు మొదటి పరాంతకుడి కాలపు శాసనాలున్నాయి. పదో శతాబ్దం మొదట్లోనే అక్కడి బ్రాహ్మణ అగ్రహారంలో పేర్లు రాసిన ఆకులను కుండలో వేసి, చిన్న పిల్లవాడి చేత తీయించి, చెరువుకూ తోటకూ వేరువేరు వారియాలను, అంటే సంఘాలను, ఎన్నుకునేవారు. లెక్క చెప్పకుండా తప్పుకున్నవాడు మళ్లీ ఎన్నికకు పనికిరాడని కూడా ఆ శాసనాల్లో ఉంది. అయితే ఆ ఊరి సభలో చోటు అందరిదీ కాదు. సొంత భూమి, సొంత ఇల్లు, వేదం చదువు ఉన్నవాళ్లదే.

తెలుగునాట ఊరి పని ఆయగాళ్ల చేతుల్లో సాగింది. కరణం, రెడ్డి, తలారి, నీరుకట్టు మొదలు కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి దాకా అందరికీ కళ్లంలోనే మేర, అంటే పంటలో వాటా, కొలిచేవారు. కరణం తాటాకుల మీద ఊరి పొలిమేరలు, మాన్యాలు, దానాలు, రాజుల మార్పులు రాసి కట్టగా కట్టి దాచేవాడు. అదే కవిలె. కర్నల్ మెకంజీ పురమాయించగా కావలి సోదరుల వంటి పండితులు ఊరూరా తిరిగి కైఫీయతులు సేకరించినప్పుడు వాళ్లకు ఆధారమైంది చాలాచోట్ల ఈ దండకవిలెలే. అంటే తెలుగు పల్లెల చరిత్ర మనకు చేరింది కరణాల చేతిరాత మీదుగానే.

ఆ చేతిరాతలో ఎవరి పేరు పడింది, ఎవరిది పడలేదు అన్నది అప్పటి నుంచీ ఉన్న ప్రశ్న. సుమతీ శతకంలో కరణాల మీద అన్ని పద్యాలు పుట్టడానికి కారణం కూడా వాళ్ల గంటానికున్న ఈ బలమే.

శ్రీహరికోటకు ఉత్తరాన ఉన్న దుగరాజపట్నంలో 1626లో ఇంగ్లీషు కంపెనీ ఒక ఫ్యాక్టరీ పెట్టుకుంది. వాళ్ల కాగితాల్లో ఆ ఊరు ఆర్మగాన్. ఆరుముగం మొదలియారు అనే స్థానికుడు వాళ్లకు స్థలం ఇప్పించి సాయపడ్డాడనీ, ఆ పేరే అలా మారిందనీ చెబుతారు. మద్రాసు ఇంకా పుట్టని కాలం అది. దొరలకైనా సముద్రపుటొడ్డున అడుగు పెట్టాలంటే ముందు ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి కావలసి వచ్చిందన్నమాట.

రెండు రెగ్యులేషన్లు

పాత అలవాటును చట్టం చేసింది కంపెనీ సర్కారు. 1802లో శాశ్వత బందోబస్తుతో పాటే కరణాల రెగ్యులేషన్ వచ్చింది. జమీందారు రైతును ఎక్కువ పిండకుండా, సర్కారుకు తక్కువ చూపకుండా లెక్కలు సరిగా ఉంచడం కరణం బాధ్యత. ఈ తీరంలో పోలూరు జమీందారీ డివిజనుకు సూళ్లూరుపేట కేంద్రం. చుట్టుపక్కల పెద్ద జమీ వెంకటగిరిది. చట్టంలో ఏముంటేనేం, జమీందారు ఊళ్లో మసలే కరణం జమీందారుకు ఎదురు రాస్తాడా? వెంకటగిరి రైతుల గోడు చివరికి ఉద్యమమై, నెల్లూరులో ‘జమీన్ రైతు’ అనే వారపత్రిక పుట్టేదాకా వెళ్లింది.

రెండోది 1816 నాటిది. థామస్ మన్రో పూనికతో వచ్చిన ఆ ఏటి రెగ్యులేషన్లు ఊరి పెద్దను మునసబును చేశాయి. పది రూపాయల లోపు దావాలు అతనే తీర్చవచ్చు. చిల్లర తగాదాలు, తిట్లు, కొట్లాటల్లో తప్పు చేసినవాణ్ని కొన్ని గంటలు చావడిలో కూర్చోబెట్టవచ్చు. తక్కువ కులాలవాడైతే బొండకొయ్యలో బిగించవచ్చు. ఒకే తప్పుకు కులాన్ని బట్టి రెండు శిక్షలని చట్టమే రాసిపెట్టింది. 1889 గ్రామ న్యాయస్థానాల చట్టం దావా పరిమితిని ఇరవై రూపాయలకు పెంచింది. కోర్టు ఖర్చు భరించలేని రైతుకు ఇది మేలే. ఆ మునసబుతోనే తగాదా ఉన్నవాడికి మాత్రం దిక్కు లేదు.

1864లో కళ్లం మేరల స్థానంలో గ్రామ సెస్సు వేసి, గ్రామోద్యోగులకు నగదు జీతాలు ఇచ్చే ఏర్పాటు మొదలైంది. 1895 చట్టం ఈ ఉద్యోగాల వంశపారంపర్య హక్కును కాగితం మీద ఖాయం చేసింది. తండ్రి పోతే కొడుకు. కొడుకు మైనరైతే వాడి పేరున మరొకరు.

ఫసలీ ఏడాది పొడుగునా

కరణానికి ఏడాది ఉగాదితో మొదలయ్యేది కాదు, జనవరితోనూ కాదు. జూలై 1న ఫసలీ, అంటే రెవెన్యూ సంవత్సరం, మారేది. క్రీస్తుశకంలో 590 తీసేస్తే ఫసలీ వస్తుంది. శ్రీహరికోట ఎంపికైన 1969 జూలైలో మొదలైనది 1379 ఫసలీ.

వానలు పడి దుక్కులు మొదలవగానే అజమాయిషీ. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పైరు వేశారు, నీళ్లు ఏ చెరువువి, ఎంత విస్తీర్ణం పండింది, ఎంత ఎండింది అని గట్ల వెంట తిరిగి అడంగల్‌లో ఎక్కించాలి. పైరు ఎండితే శావి కింద రాయాలి, రైతుకు మాఫీ దొరకాలంటే ఆ ఒక్క మాట పడాలి. హక్కు లేని చెరువు నీళ్లు వాడుకుంటే తీర్వజాస్తి. పోరంబోకులో నాగలి పెడితే శివాయిజమా, దానికో బి-మెమో. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేది నాలుగు చేలు. మిగతావన్నీ కరణం రాసినవే.

తరవాత కిస్తులు. శిస్తును వాయిదాల మీద మునసబు వసూలు చేసి రశీదు ఇచ్చేవాడు. వసూలైన సొమ్మును మూట కట్టి, వెట్టివాణ్ని వెంటబెట్టుకుని తాలూకా ఖజానాకు ఇర్సాలు చేయాలి. బకాయి పడితే 1864 నాటి వసూళ్ల చట్టం కింద జప్తు. వాకిట్లో టముకు కొట్టి, బిందెలూ పశువులూ వేలం వేస్తారు. ఊళ్లో పరువంటే ఆ టముకు తన గుమ్మం ముందు మోగకపోవడమే.

ఫసలీ చివర జమాబందీ. పై అధికారి మకాం వేస్తే కరణాలందరూ లెక్కల మూటలతో అక్కడ హాజరు. పదిఒకటి లెక్కలో రైతు పేరు, అతను కట్టవలసింది, కట్టింది ఒకదానికొకటి సరిపోవాలి. పట్టా మార్పులు, గట్టు తగాదాల అర్జీలు విచారించేదీ అప్పుడే. ఊరంతటికీ ఏడాదిలో పెద్ద దొరను చూసే అవకాశం అది.

వీటి మధ్యలో మిగతా రోజులున్నాయి. పుట్టుకలూ చావులూ రాసుకోవాలి. కలరా తగిలితే తాలూకాకు కబురంపాలి. 1871 చట్టం కింద బందెలదొడ్డి నడపాలి. చేలో పడ్డ గేదెను దొడ్డికి తోలితే దాని ఆసామి జరిమానాతో పాటు మేత ఖర్చూ కట్టి విడిపించుకోవాలి. ఊళ్లో రేగిన పోట్లాటల్లో ఎన్నో ఈ దొడ్డి గేటు దగ్గర మొదలైనవే. చెరువు కట్టకు గండిపడితే కుడిమరామత్తు కింద ఇంటికో మనిషిని పిలవాలి. ఆ కబురుతో వీధి వీధీ తిరిగేది తలారి, వెట్టి. వాళ్లు దాదాపు ఎప్పుడూ మాల మాదిగలో, యానాది గిరిజనులో. సర్కారు గొంతు వాళ్లదే, సర్కారులో చోటు మాత్రం వాళ్లకు లేదు.

రోడ్డు సెస్సు, రేవు పాట

1871 లోకల్ ఫండ్ చట్టంతో రెండో సర్కారు వచ్చింది. శిస్తు మీద రూపాయికి ఇంత అని సెస్సు వసూలు చేసి రోడ్లు, బడులు, ఆస్పత్రులు, టీకాల ఖర్చు పెట్టాలి. 1882లో స్థానిక స్వపరిపాలన మీద వైస్రాయి రిప్పన్ తీర్మానం, దాన్ని అందుకుని 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టం. జిల్లా బోర్డు, దాని కింద తాలూకా బోర్డు, పెద్ద ఊళ్లకు యూనియన్ పంచాయతీ. నెల్లూరుకు అప్పటికే, 1866 నుంచీ, మునిసిపాలిటీ ఉంది.

బోర్డుల ఆదాయంలో చాలాభాగం వేలంపాటల నుంచి వచ్చేది. టోల్‌గేటు పాట, సంత పాట, రేవు పాట, రోడ్డు పక్క చింతచెట్ల పాట. పాట పాడుకున్నవాడు పెట్టుబడి రాబట్టుకోవడానికి బండికింత, తలకింత అని నిలబడి వసూలు చేసేవాడు. పడవలే దారులైన పులికాట్ వైపు రేవు పాట ఎవరికి దక్కిందన్నది చిన్న విషయం కాదు. స్థానిక స్వపరిపాలన అంటే సామాన్యుడికి కనిపించింది ముందు పాటదారు, ఆ తరవాతే రోడ్డు.

సరస్సుకు అవతల

ఇంతసేపూ చెప్పినదంతా ఒడ్డున, పట్టా భూములున్న ఊళ్ల సంగతి. సరస్సుకు అవతల, శ్రీహరికోట అడవిలో కథ వేరు. మద్రాసు నగరానికి వంటచెరకు కోసం 1835లో సర్కారు ఆ అడవిని తన చేతికి తీసుకుంది. ఆ కట్టెలు కాలువ పడవల్లో మద్రాసుకు వెళ్లేవి. 1878లో ఆ కాలువకే బకింగ్‌హాం పేరు పెట్టారు.

అడవిలో ఉన్నది యానాదులు. తేనె, కుంకుళ్లు, అద్దకానికి పనికొచ్చే చిరివేరు తెచ్చి ఇస్తే సర్కారువారు బదులుగా గింజలు ఇచ్చేవారు. వాళ్లకు శిస్తు లేదు, జమాబందీ లేదు, పదిఒకటిలో పేరు లేదు. పన్ను కట్టే బాధ తప్పిందన్న మాట నిజమే. కానీ ఆ పాలనలో పన్ను కట్టిన రశీదే హక్కుకు రుజువు. తరాలుగా అడవిని ఎరిగినవాళ్లకు ఆ నేల మీద చూపడానికి ఒక్క కాగితం లేదు.

వాళ్ల పేర్లు రాసుకున్న పుస్తకం ఒకటి మాత్రం ఉంది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద యానాదుల్లో కొందరిని నేరస్థుల జాబితాలో చేర్చి, హాజరు పలకమన్నారు. పొలం లెక్కలో చోటివ్వని ప్రభుత్వమే పోలీసు లెక్కలో ఇచ్చింది. నెల్లూరు మనిషి వెన్నెలకంటి రాఘవయ్య యానాది సంఘం పెట్టి, వాళ్ల మధ్య జీవితకాలం పనిచేసి, ఆ చట్టం మీద పోరాడారు. 1952లో అది రద్దయింది. 1962లో ఆయన యానాదుల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం కూడా రాశారు.

1969 నాటి భూసేకరణను ఈ వెలుగులో చూడాలి. అప్పుడు అమల్లో ఉన్నది 1894 భూసేకరణ చట్టం. నష్టపరిహారం లెక్కకట్టేది సర్వే నంబరును బట్టి, పట్టాదారు పేరును బట్టి. దీవి వదలవలసి రావడం పట్టా ఉన్నవాడికీ బాధే. అతని బాధకు కనీసం కవిలెలో ఒక వరస ఉంది. అడవిలో పుట్టి పెరిగినవాడికి అదీ లేదు.

చావడి మూతపడింది

స్థానిక సంస్థల మీద వచ్చిన 1920 చట్టాలు ఎన్నికల పరిధిని పెంచాయి, 1934లో తాలూకా బోర్డులు పోయాయి, 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. 1959లో రాజస్థాన్ తరవాత పంచాయతీరాజ్‌ను అమలు చేసిన రాష్ట్రం మనదే. షాద్‌నగర్‌లో నెహ్రూ ప్రారంభించారు. సర్పంచి వచ్చాడు, సమితి వచ్చింది, వీధి దీపాలు వెలిగాయి. అయినా అడంగల్ మాత్రం కరణం ఇంట్లోనే ఉంది. ఊరు ఎన్నుకున్నవాడి చేతిలో దీపాలు, ఎన్నుకోనివాడి చేతిలో పొలాలు.

ఆ ముడిని 1984 జనవరి 6న ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఒక ఆర్డినెన్సుతో తెంచింది. వంశపారంపర్య గ్రామోద్యోగాలన్నీ ఒక్క కలం పోటుతో రద్దు. కరణాలు, మునసబులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1985లో కోర్టు ఆర్డినెన్సును సమర్థించింది. అదే కాలంలో తాలూకాలు, సమితులు పోయి మండలాలు వచ్చాయి. ఊళ్లో లెక్కలు రాసే మనిషి పేరు తరవాత చాలాసార్లు మారింది: గ్రామ పాలనాధికారి, పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో. 2019లో గ్రామ సచివాలయం వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో సూళ్లూరుపేట, దానితో పాటు శ్రీహరికోట, నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారాయి.

కరణం పోయాక న్యాయం దానంతట అదే వస్తుందనుకున్నవాళ్లు కొందరు. ఊరి లెక్క తెలిసినవాడే లేకుండా పోయాడని ఇప్పటికీ నిట్టూర్చేవాళ్లు మరికొందరు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. పుట్టుక వల్ల వచ్చే పెత్తనం పోవడం మంచి మార్పే. కానీ పెత్తనం ఉన్నది కరణంలో కాదు, అడంగల్‌లో. అందుకే అది కంప్యూటరులోకి వెళ్లినా పాత ప్రశ్న అలాగే ఉంది. రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం, ఇంటి పట్టా, పంట నష్టం, దేనికైనా ముందు మరో కాగితం కావాలి. ఆ మొదటి కాగితం లేని కుటుంబాలు నెల్లూరు తీరంలో యానాదుల్లో చాలాకాలం ఎక్కువ. ఊరి పాలన బాగుపడిందో లేదో తేల్చాలంటే ఎన్ని చట్టాలు వచ్చాయన్నది చూస్తే చాలదు. పుస్తకంలో పేరు లేనివాడు మొదటిసారి వచ్చి నిలబడితే ఎన్ని రోజుల్లో రాసుకుంటారో చూడాలి.